బొటనవేలంత వాలు

ఆ కాగితం మీద బొమ్మ గీసినవాడికి కుర్చీ అంటే ఏమిటో తెలియదని నేను మొదటి చూపులోనే తేల్చేశాను.

నా మేనకోడలు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు చేతులతో పట్టుకుని మా వడ్రంగి కొట్టుకి తెచ్చింది. పై దేశం నుంచి వచ్చిన కాగితం. ఆ దేశపు బర్గర్ల కంపెనీ మా ఊళ్లో మొదటి దుకాణం తెరుస్తోంది. దానికి మేనేజరు మా అమ్మాయే. తొమ్మిదేళ్లు ఎవరెవరి కౌంటర్ల వెనకో నిలబడి నిలబడి, ఇప్పటికి తనకంటూ ఒక దుకాణం చేతికొచ్చింది. దానికి నలభై రెండు కుర్చీలు కావాలి. కంపెనీవాళ్లు ఏదో పెద్ద ఫ్యాక్టరీకి ఇద్దామంటే, మా మామయ్య ఉన్నాడని పట్టుబట్టి ఆ పని నాకు ఇప్పించింది.

"అచ్చం ఇందులో ఉన్నట్టే చేయాలి మామయ్యా. వాళ్లకి ఏదీ అటూ ఇటూ కాకూడదు" అంది.

"నలభై ఏళ్లుగా చేస్తున్నాను. నాకు చెప్తున్నావా?" అన్నాను. నాకు ముక్కు మీద కోపం, ఆ సంగతి వీధంతా తెలుసు.

తను నవ్వి, నేను జరిపిన స్టూలు అంచు మీద కూర్చుంది. ఎక్కడికెళ్లినా తను అంచు మీదే కూర్చుంటుంది, ఇంకాసేపట్లో ఎవరో లేవమంటారన్నట్టు. నా పిల్లలు నన్ను నువ్వు అంటారు. తను మాత్రం మీరు అంటుంది.

తను వెళ్లాక కాగితం బల్ల మీద పరిచాను. కుర్చీ ముందు కాళ్లు వెనక కాళ్లకన్నా బొటనవేలు మందం పొట్టిగా ఉన్నాయి. ఎక్కడైనా ముందు కాళ్లు వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటాయి. అప్పుడే ఒళ్లు తనంతట తాను వెనక్కి వాలుతుంది. గీసినవాడు ముందూ వెనకా తారుమారు చేశాడనుకున్నాను. పక్కన చీమల బారులా ఏవో నాలుగు వరుసలు రాసి ఉన్నాయి. నేను గీతలు చదువుతాను గానీ పరాయి భాషలు చదవను. ఈ తప్పు బయటపడితే పాపం ఎవడి ఉద్యోగమో పోతుందని జాలిపడి, ఎవరికీ చెప్పకుండా సరిచేసేశాను. నా అమ్మాయి దుకాణంలో కుర్చీలు ఊళ్లోకెల్లా మంచివి కావాలన్న ఆశ కూడా లోపల ఉంది. చేసిన ఒక్కో కుర్చీలో, గ్లాసులో టీ చల్లారేంత సేపు కూర్చుని చూశాను. నలభై రెండు గ్లాసుల టీ అలా చల్లార్చాను.

దుకాణం తెరిచిన మొదటి వారం ఊరు ఊరంతా వచ్చి వెళ్లింది. రెండో వారానికి వచ్చినవాళ్లు వెళ్లడం మానేశారు.

ఆ దుకాణం ముందు గోడంతా పసుపుపచ్చ అద్దం. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ అందులోంచి వడకట్టుకుని లోపలికి వచ్చేది, నేల మీద తేనె ఒలికినట్టు. చల్లగాలి యంత్రం ఒకే స్వరం మీద మూలుగుతూ ఉండేది. పై నుంచి ఏదో పరాయి పాట, మాటల్లేకుండా, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోతుందో తెలియకుండా వినిపించేది. జనం బర్గర్ తినేవారు. పెదాలు తుడుచుకునేవారు. వెనక్కి ఆనుకునేవారు. ఇక అంతే.

రిటైరైన పోస్టుమ్యాన్ కిటికీ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవాడు. ఊరందరూ ఆయన్ని పోస్టు తాత అంటారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సమ్మ చెప్పులు విప్పి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నిద్రపోయేది. రెండు గదుల ఇంట్లో తొమ్మిదిమంది మధ్య బతికే ఒక బాలింత, పాపని గుండెకి హత్తుకుని వచ్చి, ఇద్దరూ ఒకే ఊపిరి మీద నిద్రపోయేవారు. నేను రోజూ పని ఆపి అక్కడికి వెళ్లి ఒక మూల కూర్చునేవాణ్ని. నిద్రపోతున్న మనుషుల కింద నా కుర్చీలు చిన్న చప్పుడు కూడా చేయకుండా నిలబడి ఉండేవి. నిజం చెప్తున్నాను, నా పెళ్లినాడు కూడా అంత ఆనందపడలేదు. కాసేపటికి నా కళ్లూ మూతపడేవి. నిద్రలో ఆ దుకాణం మెల్లగా నీళ్ల మీద తేలుతూ వీధి దాటి వెళ్లిపోతున్నట్టు ఉండేది.

మా అమ్మాయి ఒక్కతే కౌంటర్ దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

కంపెనీ తరఫున ఒక కుర్రాఫీసరు వచ్చి తలుపు పక్కన నిలబడేవాడు. చేతి గడియారం చూసుకోవడం, పుస్తకంలో గీత గీసుకోవడం, అదే అతని పని. నేను అతనికి గడియారం అని పేరు పెట్టాను. వాళ్ల లెక్క ప్రకారం ప్రతి కుర్చీ గంటకి మూడుసార్లు ఖాళీ కావాలి. మనిషి వచ్చి, కూర్చుని, తిని, లేవడానికి ఇరవై నిమిషాలు. ఇక్కడేమో పోస్టు తాత ఒక్కడే మూడు గంటలు కదలడు.

ఈ ఊరి మనుషులకి తగ్గట్టు దుకాణాన్ని మార్చాలని పై ఆఫీసు నుంచి రోజుకొక ఉత్తరువు వచ్చేది. పాట వేగం పెంచారు. జనం నిద్రలోనే కాలి వేళ్లతో తాళం వేశారు. దీపాల వెలుగు పెంచారు. మొహాల మీద చేతిరుమాళ్లు కప్పుకున్నారు. ఈ ఊరివాళ్ల నాలుక మొద్దుబారి ఉందేమో, కారం తగిలితే చురుగ్గా లేస్తారేమోనని సాసులో కారం రెట్టింపు చేశారు. తిన్నవాళ్లు చెమటలు పట్టి, ఆ చల్లగాలికి ఇంకా హాయిగా నిద్రపోయారు.

చివరికి అసలు మాట వచ్చింది. పదిహేను రోజుల్లో పై దేశం నుంచి ఒక పెద్దావిడ స్వయంగా వస్తుంది. అప్పటికీ జనం కుర్చీల్లోంచి కదలకపోతే కుర్చీలన్నీ తీసేసి, గోడకి ఒక కిటికీ పెట్టి, పార్శిళ్లు మాత్రమే అమ్ముతారు. కిటికీకి మేనేజరు అక్కర్లేదు.

ఆ సాయంత్రమే మా అమ్మాయి కొట్టుకి వచ్చింది. చేతిలో అదే ప్లాస్టిక్ కవరు.

"మామయ్యా, ఇవాళ సాసు సీసా మూత ఒక కుర్చీ మీద పడింది. ముందుకి దొర్లి కింద పడాలి కదా. వెనక్కి దొర్లింది" అంది.

నేను చిత్రిక పట్టడం ఆపలేదు.

"వరసగా అన్ని కుర్చీల మీదా పెట్టి చూశాను. అన్నిటి మీదా వెనక్కే."

"వాడు తప్పు గీశాడు. నేను సరిచేశాను."

తను కాగితం తీసి, చీమల బారు మీద వేలు పెట్టి, నెమ్మదిగా మన మాటల్లో చెప్పింది. "ముందు కాళ్లు బొటనవేలు మందం తగ్గించాలి. కూర్చున్న మనిషికి కారణం తెలియకుండానే, ఇరవై నిమిషాలకి తనంతట తాను లేవాలనిపించడానికి."

చిత్రిక నా చేతిలోనే ఆగిపోయింది. కావాలని చెడ్డ కుర్చీ చేసేవాళ్లు ఈ భూమ్మీద ఉంటారని నాకు అరవై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు. ఒళ్లు మండింది. "మనిషిని కూర్చోబెట్టి లేపేసే కుర్చీనా? నా చేత్తో చేయించాలనుకున్నారా? నేను చచ్చినా చేయను, పొమ్మను" అన్నాను.

తను స్టూలు అంచు మీద, కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా అలా కూర్చున్న పిల్ల ఒకతె నాకు గుర్తొచ్చింది. ఆ పిల్ల ఒళ్లో అప్పుడు రేకు పెట్టె ఉండేది.

మా చెల్లెలు పోయాక ఈ పిల్లని చుట్టాలందరం వంతులు వేసుకుని పెంచాం. పెంచాం అనడానికి కూడా నోరు రావడం లేదు. తొమ్మిదో ఏట నా వంతు వచ్చింది. పదకొండు నెలలు మా ఇంట్లో ఉంది. బడి నుంచి రాగానే కొట్టులో చిత్రిక పొట్టు కుప్ప మీద పడి నిద్రపోయేది. రంపం కోస్తున్నా, మేకులు కొడుతున్నా లేచేది కాదు. అప్పుడు మాకు మూడోవాడు పుట్టాడు. ఇల్లు ఇరుకైందని మా ఆవిడ అన్నదని చెప్పుకోవచ్చు గానీ, అన్నది నేనే. ఒక మధ్యాహ్నం ఆ కుప్ప మీద నిద్రపోతున్న పిల్లని భుజం తట్టి "లే తల్లీ, బస్సుకి టైమైంది" అన్నాను. ఎక్కడికని అడగలేదు. లేచి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, స్టూలు అంచు మీద కూర్చుంది. అక్కడి నుంచి వాళ్ల పెద్దత్త ఇల్లు, ఆ తర్వాత ఇంకో ఇల్లు.

లేవమని చెప్పే కుర్చీ నాకు చేతకాదని ఎగిరెగిరి పడ్డాను గానీ, ఆ పని నాకన్నా ముందు ఎవరు చేశారు కనక?

"సోమవారం మీకు సెలవు కదా, మధ్యాహ్నం వస్తాను" అన్నాను.

"మీకు ఇష్టం లేకపోతే..."

"వస్తానన్నానుగా."

ఆ సోమవారం దుకాణంలో మేమిద్దరమే. పాట లేదు, యంత్రం లేదు, పసుపుపచ్చ ఎండ మాత్రం ఉంది. తను కుర్చీని పడుకోబెట్టి పట్టుకునేది, నేను ముందు కాళ్లకి గీత గీసి రంపం పెట్టేవాణ్ని. ఎనభై నాలుగు కాళ్లు. కోసిన ముక్కలు బిస్కెట్ల మాదిరి నేల మీద పోగయ్యాయి. ఇరవయ్యో కుర్చీ దగ్గర నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పొట్టు పడిందని అబద్ధం చెప్పాను. తను పైట చెంగుతో ఊది తుడిచింది. అబద్ధమని తెలిసినట్టే ఉంది.

పని అయ్యాక గోడకి ఆనుకుని కాసేపు కునుకు తీశాను. కలలో నలభై రెండు కుర్చీలూ ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాయి. నేను ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి లెమ్మని చెప్తున్నాను. అవి లేచి, ఒకదాని వెనక ఒకటి, తలుపు దాటి బస్సు వైపు నడిచిపోతున్నాయి. ఒక్కటీ ఎక్కడికని అడగలేదు. మెలకువ వచ్చేసరికి మా అమ్మాయి చీపురు పట్టుకుని పొట్టు ఊడుస్తోంది. అన్ని కుర్చీలున్న ఆ గదిలో తను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

మంగళవారం నుంచి కంపెనీ అనుకున్నట్టే జరిగింది. జనం కూర్చుంటారు, తింటారు, వెనక్కి ఆనుకుంటారు, మెల్లగా ముందుకి జారతారు. సర్దుకుంటారు, మళ్లీ జారతారు. తమలోనే ఏదో లోపం ఉన్నట్టు నడుం తడుముకుంటూ లేచి వెళ్లిపోతారు. పోస్టు తాత వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "వయసు మీద పడుతోందయ్యా, కూర్చోవడం కూడా చేతకావడం లేదు" అన్నాడు. నేను తల దించుకున్నాను. గడియారం మాత్రం గీతల మీద గీతలు గీస్తూ వెలిగిపోయాడు. మా అమ్మాయి కూడా మూడు రోజులు ఊపిరి పీల్చుకుంది. పోనీలే, దాని దుకాణం దానికి దక్కిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగో రోజు పోస్టు తాత మళ్లీ వచ్చాడు. బర్గర్ తిన్నాడు. ఖాళీ అట్టడబ్బాని ముప్ఫై అయిదేళ్లు ఉత్తరాలు సర్దిన వేళ్లతో మడిచాడు. ఒక మడత, రెండు, మూడు. వంగి దాన్ని కుర్చీ ముందు కాలి కింద పెట్టాడు. కూర్చుని చూశాడు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. కాసేపు ఆలోచించి, లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి ఇంకో బర్గర్ కొన్నాడు. దాన్ని కాగితంలో చుట్టి సంచీలో వేసుకుని, ఆ డబ్బాని మడిచి రెండో కాలి కింద పెట్టాడు. వెనక్కి ఆనుకున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. మూడు గంటలు కదల్లేదు.

నేను దగ్గరికెళ్లి వంగి చూశాను. మూడు మడతల డబ్బా సరిగ్గా బొటనవేలు మందం ఉంది.

మర్నాడు నర్సమ్మ, ఆ మర్నాడు బాలింత. వారం తిరిగేసరికి వచ్చిన ప్రతివాళ్లూ రెండేసి బర్గర్లు అడిగేవారు. ఒకటి తినడానికి, ఒకటి రెండో కాలికి. ఆ రెండోది ఇంటికి వెళ్లేది, ఇంట్లోవాళ్లకి దాని మీద మోజు పుట్టేది, వాళ్లూ వచ్చేవారు. రాత్రి ఊడ్చి పారేసిన డబ్బాల చోటికి పొద్దున్నే కొత్తవి వచ్చేవి. వంటగదిలో వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. గడియారం చేతి గడియారం చూస్తాడు, గీత గీయడానికి ఎవరూ లేవరు, వంటగది వైపు చూస్తే తీరిక లేదు. పుస్తకంలో ఏం రాయాలో తెలియక పెన్ను నమిలేవాడు.

మళ్లీ పాట మెల్లగా సాగింది. ఎవరు తగ్గించారో తెలియదు. తేనెరంగు ఎండలో నలభై రెండు కుర్చీలు అట్ట మడతల మీద నిలబడి నిద్రపోతున్నవాళ్లని మోస్తున్నాయి.

పై దేశపు పెద్దావిడ ఆ ఎండలోనే వచ్చింది. పొడుగాటి మనిషి, తెల్లజుట్టు, చప్పుడు కాని బూట్లు. తలుపు దగ్గర ఆగి, గదంతా నెమ్మదిగా చూసింది. మా అమ్మాయి కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది. దాని వేళ్లు తెల్లబడటం నాకు మూల నుంచి కనిపిస్తోంది. దాని తొమ్మిదేళ్ల కష్టం ఆ ఆవిడ నోటి నుంచి వచ్చే ఒక్క మాటలో ఉంది.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని పోస్టు తాత కుర్చీ కింద చూసింది. ఇంకో కుర్చీ కింద చూసింది. లేచి, ఎవరో డబ్బాలు కూడా తీసుకుని లేచి వెళ్లిన ఒకే ఒక్క ఖాళీ కుర్చీలో కూర్చుంది. జారింది. సర్దుకుంది. మళ్లీ జారింది. అప్పుడు నర్సమ్మ కళ్లు తెరిచి, పాపం తెలియని మనిషి అనుకుందేమో, తన సంచీలోంచి రెండు మడత డబ్బాలు తీసి, వంగి ఆవిడ కుర్చీ కింద దూర్చి, ఇక ఆనుకోమని చేత్తో సైగ చేసి మళ్లీ కళ్లు మూసుకుంది.

పెద్దావిడ ఆనుకుంది. కళ్లు మూయలేదు, కప్పు వైపు చూస్తూ చాలాసేపు అలాగే ఉంది. తర్వాత గడియారాన్ని పిలిచి ఏదో అడిగింది. ఇది వీళ్లకి ఎవరు నేర్పారని అడుగుతున్నారని గడియారం మా అమ్మాయితో చెప్పాడు.

"ఎవరూ నేర్పలేదండి. వాళ్లే చేసుకున్నారు" అంది మా అమ్మాయి.

ఆవిడ తల ఊపి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. మంచో చెడో మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ తర్వాత ఎనిమిది రోజులు నేను ఏ చెక్క ముట్టుకున్నా వంకర పోయింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మా అమ్మాయి ఒక కవరు పట్టుకుని నా మూలకి వచ్చింది.

"మామయ్యా, ఉత్తరం వచ్చింది. కుర్చీలు తీయరట. దుకాణం ఇలాగే ఉంటుందట. నేనూ ఉంటాను."

"ఇంకేం రాశారు?" అన్నాను.

"ఈ ఊరి డబ్బాలు వేరేగా అచ్చు వేయిస్తారట. చూడండి, నమూనా పంపారు."

కొత్త డబ్బా అడుగున మూడు సన్నటి చుక్కల గీతలున్నాయి, ఎక్కడ మడవాలో చెప్తూ. ఈ గీతలు గీసినవాడికి మాత్రం కుర్చీ అంటే ఏమిటో తెలుసు.

తను నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అలవాటు ప్రకారం అంచు మీదే. తొమ్మిదేళ్లు నిలబడి, అంతకు ముందు ఇరవై ఏళ్లు అలా కూర్చున్న నడుం అది. కళ్ల కింద నల్లటి చారలు. ఇన్ని రోజులు నిద్రలేదని చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

"ఆ రోజు నిన్ను లేపకుండా ఉండాల్సింది తల్లీ. తప్పు చేశాను."

ఏ రోజని తను అడగలేదు.

"చెవిలోకి పొట్టు దూరింది మామయ్యా. బస్సులో అంతసేపూ గీరుకుంటూనే ఉన్నాను. అది రాలిపోతే బాగుండదని మళ్లీ లోపలికే తోసుకున్నాను" అంది.

నమూనా డబ్బాని, బల్ల మీదున్న ఇంకో డబ్బాని తీసుకుని మూడేసి మడతలు వేశాను. మోకాళ్లు కలుక్కుమంటున్నా కిందకి వంగి, తన కుర్చీ ముందు కాళ్ల కింద చెరొకటి పెట్టాను. చేత్తో ఊపి చూశాను. కదల్లేదు.

"వెనక్కి జరుగు. ఆనుకో" అన్నాను.

తను కౌంటర్ వైపు చూసింది. గడియారం వైపు చూసింది. తర్వాత మెల్లగా, నీళ్ల లోతు చూసుకుంటూ దిగుతున్నదానిలా, వెనక్కి జరిగింది. నడుం ఆనింది. భుజాలు ఆనాయి. చివరికి తల ఆనింది. పసుపుపచ్చ ఎండ వచ్చి మొహం మీద పడింది.

"నువ్వు పడుకోవా మామయ్యా?" అంది, కళ్లు మూసుకునే.

"పడుకుంటాలే" అన్నాను. అప్పటికే తను నిద్రపోయింది, చిన్నప్పటిలా నోరు కొంచెం తెరుచుకుని.

కాసేపటికి గడియారం ఏదో సంతకం కోసం కాగితాలు పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు. వంగి తన భుజం తట్టబోయాడు. నేను అతని చెయ్యి గాల్లోనే పట్టుకున్నాను.

"లేపకు" అన్నాను. "టైమేమీ కాలేదు."